రెండు వేసవులు
(లేఖ)

ప్రవేశిక

కృష్ణగిరి జిల్లాలో వేపనపల్లి దగ్గర ఒక గ్రామానికి చెందిన శారద, కళాశాలలో బి.కాం. మొదటి సంవత్సరం చదువుతున్నది. రానున్న వేసవి సెలవులను ఎలా గడపాలో తేల్చుకోలేక హోసూరులో ఉన్న మేనమామకు ఉత్తరం రాసింది. ఆయన తెలుగు అధ్యాపకుడు. ఆయన రాసిన జవాబే ఈ పాఠం. మీరు కూడా త్వరలోనే కళాశాలలో అడుగు పెట్టబోతున్నారు. అక్కడ సెలవులలో ఏమి చేయాలో చెప్పడానికి పంతుళ్ళు ఉండరు. ఇంటిపని జాబితా ఉండదు. ఆ నిర్ణయం మీరే చేసుకోవాలి. ఎలా చేసుకోవాలో ఆలోచిస్తూ ఈ ఉత్తరం చదవండి.

పాఠం

హోసూరు,
మార్చి 20.

చిరంజీవి శారదకు మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం మొన్న అందింది. ఇక్కడ మేమందరం క్షేమం. అక్కడ మీ అమ్మా నాయనా, జేజీ క్షేమమని తలుస్తాను. ఫోనులో అడిగితే సరిపోయేదానికి ఇంత పొడుగు ఉత్తరం రాశానని నొచ్చుకున్నావు. నొచ్చుకోవలసిన పని లేదు. ఫోనులో అడిగి ఉంటే నేను తోచింది చెప్పేవాణ్ణి, నీవు సరేననేదానివి. కాగితం మీద పెట్టడం వల్ల నీ మనసులో ఏమేమి ఉన్నాయో నాకు తెలిసింది. రాస్తూ ఉండగా నీకూ కొంత తెలిసే ఉంటుంది.

నీవు రాసిన సంగతులు ఇవి. హాస్టలులో నీతో ఉండే ముగ్గురు అమ్మాయిలు సెలవులలో బెంగుళూరులో గది తీసుకొని, కంప్యూటరులో జమాఖర్చులు రాయడం నేర్చుకోవాలనుకుంటున్నారు. నిన్ను కూడా రమ్మంటున్నారు. మీ నాయన ఈ ఏడు మామిడితోట గుత్తకు పట్టారు. కాయ కోతకు వచ్చే వేళకు లెక్కలు చూసుకోవడానికి నీవు దగ్గర ఉండాలంటున్నారు. మీ అమ్మకు ఈ రెండూ ఇష్టం లేవు. ఏడాదంతా హాస్టలు కూడు తిన్న పిల్ల, ఇంటిపట్టున ఉండి నాలుగు ముద్దలు తిని కంటినిండా నిద్రపోతే చాలునంటున్నది. ఈ మూడింటి మధ్య నలిగిపోతున్నానని రాశావు.

ఉత్తరం చివర ఇంకొక మాట ఉన్నది. "జేజికి చూపు బాగా మందగించింది. ఎప్పుడొస్తావని అడుగుతూ ఉంటుంది" అన్నావు. దానిని నీవు లెక్కలోకి తీసుకోలేదు. నేను తీసుకున్నాను. ఎందుకో తరువాత చెబుతాను.

మొదట రోజులు లెక్కపెడదాం. బి.కాం. మూడేళ్ళ చదువు కాబట్టి మూడు వేసవులు ఉన్నాయనుకుంటావు. నిజానికి ఉన్నవి రెండే. మూడో సంవత్సరం పరీక్షలు అయిపోగానే పై చదువుకు దరఖాస్తులు, ఉద్యోగానికి వెతుకులాట మొదలవుతాయి. దానిని సెలవు అనలేము. ఇక మిగిలిన రెండు వేసవులు ఎంత పొడుగు? మే 4న నీ పరీక్షలు ముగుస్తాయని, జూన్ 19న కళాశాల తెరుస్తారని రాశావు. మే 5 నుంచి జూన్ 18 వరకు లెక్క వేస్తే 45 రోజులు. వచ్చే ఏడు కూడా అన్నే అనుకుంటే మొత్తం 90 రోజులు. మూడేళ్ళ కళాశాల జీవితంలో నీ ఇష్టప్రకారం వాడుకోగలిగినవి ఆ తొంభై రోజులే. పర్సులో ఎంత ఉన్నదో చూసుకోకుండా సంతకు పోయినవాళ్ళు, మొదటి అంగడిలోనే అంతా ఖర్చుపెట్టి వస్తారు. సెలవుల సంగతి కూడా అంతే.

ఇప్పుడు ఒక్కొక్క సంగతీ చూద్దాం.

కంప్యూటరు లెక్కలు నేర్చుకోవడం మంచిదే. వాణిజ్యశాస్త్రం చదివే విద్యార్థికి అది తప్పక రావాలి. చిన్న అంగడి మొదలుకొని పెద్ద కర్మాగారం వరకు ఈనాడు లెక్కలు రాసేది దానిలోనే. కాని, బెంగుళూరుకే ఎందుకు వెళ్ళాలి? నీ ఉత్తరంలో దానికి నాకు దొరికిన కారణం ఒక్కటే. స్నేహితురాళ్ళు వెళ్తున్నారు. నలుగురితో నారాయణ అన్నట్లు వెళ్ళడంలో సుఖం ఉన్నది, కాదనను. అయితే నెలన్నర గది అద్దె, భోజనం, రాకపోకలు కలిపితే పాఠానికి కట్టే రుసుము కంటే అదే ఎక్కువ అవుతుంది. ఆ పాఠమే కృష్ణగిరిలో కూడా చెబుతారు. ఉదయం బస్సులో వెళ్ళి మధ్యాహ్నం భోజనానికి ఇంటికి రావచ్చు. 2017లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన 'స్వయం' వేదికలో వాణిజ్యశాస్త్రం పాఠాలు ఉచితంగా వినవచ్చు. మన రాష్ట్ర ప్రభుత్వం 2022లో కళాశాల విద్యార్థుల కోసం 'నాన్ ముదల్వన్' పథకం మొదలుపెట్టింది. దాని కింద నీ కళాశాలలో ఏ శిక్షణ ఇస్తున్నారో ముందు మీ అధ్యాపకులను అడుగు.

ఏ శిక్షణలోనైనా చేరేముందు మూడు ప్రశ్నలు వేసుకో. ఇది పూర్తి అయ్యేసరికి నా చేతికి ఏ పని వస్తుంది? ఇదే పని ఇంతకంటే దగ్గరలో, తక్కువ ఖర్చుతో నేర్చుకోవచ్చునా? ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు ఇది దొరకదా? మొదటి ప్రశ్నకు "ధ్రువపత్రం ఇస్తారు" అన్నది తప్ప మరో జవాబు రాకపోతే, ఆ శిక్షణ జోలికి పోవద్దు. డబ్బు కట్టించుకొని కాగితం చేతిలో పెట్టేవాళ్ళు ఊరూరా ఉన్నారు. మూడో ప్రశ్న అన్నింటికన్నా ముఖ్యం. దానిని గుర్తుపెట్టుకో. మళ్ళీ దాని దగ్గరకే వస్తాను.

తోట సంగతికి వద్దాం. మీ నాయన నిన్ను తోటకు రమ్మనడం నీకు కష్టంగా తోచింది. "చదువుకుని కూడా మామిడికాయలు లెక్కపెట్టాలా మామయ్యా?" అని రాశావు. ఆ వాక్యం చదివి నేను కొంచెంసేపు ఆగిపోయాను. తోట గుత్తకు పట్టడమంటే ఏమిటో నీకు నేను చెప్పనక్కరలేదు. పూత మీదనే ధర మాట్లాడుకొని డబ్బు కట్టాలి. మందులు కొట్టించాలి. కావలి పెట్టాలి. గాలివాన వచ్చి పిందె రాలితే ఆ నష్టం గుత్తదారుడిదే. సెందూర, బంగినపల్లి ముందుగా కోతకు వస్తాయి. మనవాళ్ళు బెంగుళూర అని పిలిచే తోతాపురి ఆలస్యంగా, జూన్, జులై నెలల్లో వస్తుంది. అది ఎక్కువగా రసం తీసే కర్మాగారాలకు పోతుంది. కాయ ఒకసారి ముదిరితే చెట్టు మీద ఆగదు. కోసినది బండిలో ఆగదు. మీ నాయన ఈ పనిని వచ్చే ఏటికి వాయిదా వేయలేరు.

పోయిన ఏడు తూకం చీటీలు కొన్ని పోగొట్టుకొని, మండీలో చెప్పిన లెక్కకు తల ఊపి వచ్చానని బావ నాతో చెప్పారు. ఎంత పోయిందో ఆయనకే తెలియదు. ఆ కష్టం నీకు చెప్పి ఉండరు. ఒక ఉదాహరణ చెబుతాను. పది టన్నుల కాయ దింపామనుకో. నూటికి ఐదు చొప్పున తరుగు తీస్తే అర టన్ను కాయకు డబ్బు రానట్లే. ఆ తరుగు ముందు చెప్పినదా, అప్పటికప్పుడు తీసినదా? మండీ కమీషను మొత్తం మీదనా, తరుగు పోగా మిగిలినదాని మీదనా? ఎత్తుడు కూలి, బండి బాడుగ ఎవరి ఖాతాలో పడ్డాయి? ఈ ప్రశ్నలు అడగగలిగినవాళ్ళు ఆ తోటలో ఇప్పుడు ఎవరూ లేరు. కళాశాలలో ఏడాదిపాటు జమ, ఖర్చు అని రెండు గడులు గీసి నీవు నేర్చుకున్నది ఇదే గదా! పుస్తకంలో ఒక వర్తకుడు, మరొక వర్తకుడు అని ఉంటుంది. ఇక్కడ ఆ వర్తకుడు మీ నాయన. నీవు లెక్కపెట్టేది మామిడికాయలను కాదు, మీ ఇంటి అప్పును.

అమ్మ మాటను కూడా తోసిపుచ్చవద్దు. పరీక్షలు రాసి వచ్చిన శరీరానికి విశ్రాంతి కావాలి. ఏ పనీ లేని రోజులు కొన్ని ఉండాలి. ఆ రోజులలోనే మనిషి తన మనసుతో తాను మాట్లాడుకుంటాడు. కాని, విశ్రాంతికి ఐదు రోజులు చాలు. ఆరో రోజు నుంచి అది విశ్రాంతి కాదు, కాలహరణం. ఈ సంగతి నాకు పుస్తకాలు చెప్పలేదు. నా మొదటి వేసవి చెప్పింది.

నేను 1988లో బి.ఏ. తెలుగులో చేరాను. 1989 వేసవి నా మొదటి సెలవులు. ఆ రోజులలో మా తోటివారంతా టైపు నేర్చుకునేవారు. నేనూ చేరాను. మా తెలుగు అధ్యాపకులు సెలవులకు ముందు, "మీ ఇళ్ళలో పెద్దవాళ్ళకు వచ్చిన పాటలు రాసుకొని రండి, అవి ఏ పుస్తకంలోనూ దొరకవు" అని చెప్పారు. అప్పటికి మా అవ్వ ఉన్నది. అంటే నీకు ముత్తవ్వ. చదువురాదు. కాని, రాగులు విసిరేటప్పుడు ఒక పాట, వడ్లు దంచేటప్పుడు ఒక పాట, నాటు వేసేటప్పుడు ఒకటి, పిల్లను ఊయలలో వేస్తే ఒకటి పాడేది. మన పూర్వులు ఈ ప్రాంతానికి ఎప్పుడు వచ్చారో చెప్పే కాగితం మన ఇంట్లో లేదు. వాళ్ళు తెచ్చుకున్న తెలుగు మాత్రం ఆమె నోట్లో ఉండేది. ఒక స్నేహితుడు టేపురికార్డరు ఇస్తానన్నాడు. అవ్వ ఉన్న ఊరు పదిహేను కిలోమీటర్ల దూరం. నేను ఏమనుకున్నానో తెలుసా? ఈ ఏడు టైపు, వచ్చే ఏడు అవ్వ పాటలు అనుకున్నాను.

టైపు పాఠం రోజుకు ఒక గంట. మిగిలిన కాలం ఏమయిందని అడిగితే నా దగ్గర జవాబు లేదు. పొద్దెక్కి లేవడం, వీధి చివర కబుర్లు, రెండో ఆట సినిమా. సెలవులు ముగియడానికి మూడు రోజుల ముందు అవ్వ దగ్గరకు వెళ్ళాను. టేపురికార్డరు అడిగి తెచ్చుకునే తీరిక కూడా చేసుకోలేదు. నోటుపుస్తకంలో నాలుగు పాటలు రాసుకున్నాను. ఒక పాటలో ఒక మాట నాకు అర్థం కాలేదు. అవ్వ అప్పటికి అలసిపోయింది. వచ్చే వేసవికి అడుగుదామని దాని పక్కన ప్రశ్నార్థకం పెట్టుకున్నాను. 1990 జనవరిలో, సంక్రాంతి వెళ్ళిన వారానికి అవ్వ పోయింది.

ఆ నోటుపుస్తకం ఇంకా నా దగ్గర ఉన్నది. ఆ మాట ఒక పనిముట్టు పేరో, ఒక చెట్టు పేరో తెలియదు. నిఘంటువులలో వెతికాను, దొరకలేదు. మీ అమ్మను అడిగాను, తనకు తెలియదన్నది. ప్రశ్నార్థకం అలాగే ఉన్నది. చేతులు కాలాక ఆకులు పట్టుకొని ఏమి లాభం? అవ్వకు మొత్తం ఎన్ని పాటలు వచ్చో కూడా నాకు ఇప్పుడు తెలియదు.

టైపు నేర్చుకోవడం తప్పని నేను అనడం లేదు. ఆ విద్యతోనే ఎం.ఏ. చదివేటప్పుడు సాయంత్రాలు పనిచేసి రుసుములు కట్టుకున్నాను. కాని, టైపు యంత్రం మరుసటి ఏడు కూడా అక్కడే ఉండేది. అవ్వ ఉండలేదు. ఏది ఆగుతుందో, ఏది ఆగదో నేను వేరుచేసి చూసుకోలేదు. నా తప్పు అది.

పెద్దల నోటిమాటను రాసిపెట్టడం చిన్న పని అనుకోవద్దు. గిడుగు రామమూర్తి పంతులుగారి పేరు నీకు తెలుసు. వ్యావహారిక భాషోద్యమ నాయకుడిగా ఆయనను చదువుకున్నావు. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాము. 1863లో పుట్టిన ఆయన, ఇప్పుడు ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో బడిపంతులుగా చాలాకాలం పనిచేశారు. బడిలో చెప్పే పాఠాలు ఆయన ఉద్యోగం. ఆ చుట్టుపక్కల కొండలలో ఉండే సవరల భాష నేర్చుకోవడం ఆయన ఉద్యోగం కాదు, ఎవరూ ఆజ్ఞాపించలేదు. రెండు భాషలూ తెలిసిన ఒక సవర మనిషి దగ్గర మాటమాటా అడిగి నేర్చుకున్నారు. అప్పటికి ఆ భాషలో పుస్తకాలు లేవు. ఏళ్ళ తరబడి చేసిన ఆ కృషి 1931లో సవరభాషా వ్యాకరణ గ్రంథంగానూ, ఆ తరువాత నిఘంటువుగానూ వెలువడింది. మనం అంత పని చేయలేకపోవచ్చు. మన జేజి మాటలు ఒక నోటుపుస్తకంలో ఎక్కించడం మాత్రం మన చేతిలో పనే.

ఇప్పుడు మూడో ప్రశ్న దగ్గరకు వద్దాం. "ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు ఇది దొరకదా?" నీ ముందున్న నాలుగింటికీ ఈ ప్రశ్న వేసి చూడు. కంప్యూటరు పాఠం దొరుకుతుంది. తోతాపురి కోత ఆగదు. జేజి చూపు ఆగదు. నీ అలసటకు ఐదు రోజులు చాలు. ఆగనివాటికి ముందు చోటు పెట్టి, మిగిలినచోట ఆగేవాటిని సర్దుకోవాలి. నాకు తోచిన ఒక పద్ధతి రాస్తున్నాను. ఇది ఆజ్ఞ కాదు, నమూనా మాత్రమే.

మే 5 నుంచి 9 వరకు 5 రోజులు అమ్మ చెప్పినట్లు తిని నిద్రపో. మే 10 నుంచి 29 వరకు 20 రోజులు ఉదయం పూట కృష్ణగిరిలో కంప్యూటరు పాఠం. ఇరవై రోజులలో అంతా రాదు, మొదలు వస్తుంది. తోతాపురి కోత ఊపు అందుకునే వేళకు, అంటే మే 30 నుంచి జూన్ 18 వరకు మరో 20 రోజులు తోటలో లెక్కలు. ఇరవై రోజులలో నేర్చుకున్న కంప్యూటరు విద్యతో తోట లెక్క రాసి చూడు. విద్య నిలబడేది అప్పుడే. కళాశాల తెరిచిన తరువాత కూడా కోత మిగిలి ఉంటుంది కాబట్టి, ఆ లెక్క ఎలా రాసుకోవాలో నాయనకు నేర్పి మరీ వెళ్ళు. తోటలో పనిచేసినందుకు కంప్యూటరు పాఠం రుసుము కట్టమని నాయనను అడుగు. అడగడం తప్పు కాదు, అది నీ కూలి.

ఈ నలభై రోజులూ సాయంత్రం ఒక గంట జేజి దగ్గర కూర్చో. నలభై గంటలవుతుంది. నాకు దొరికినవి రెండు రోజులు. ఇప్పుడు టేపురికార్డరు అరువు అడగనక్కరలేదు, నీ ఫోనే చాలు. అయినా పుస్తకంలో కూడా రాసుకో. పాట ఎవరి దగ్గర నేర్చుకున్నదో, ఏ పని చేస్తూ పాడేవారో అడుగు. తెలియని మాట వస్తే ప్రశ్నార్థకం పెట్టి ఊరుకోకు. అప్పుడే అడుగు. కండ్లు కనిపించని మనిషికి, దగ్గర కూర్చొని అడిగేవాళ్ళు ఉండటమే పెద్ద సాయం.

రెండో వేసవి గురించి ఇప్పుడే ఒక మాట. ఆ వేసవిలో ఏదైనా లెక్కల కార్యాలయంలో నెలరోజులు పని నేర్చుకోవాలని ఉంటే, జనవరిలోనే అడిగి పెట్టుకోవాలి. హోసూరులో అలాంటి కార్యాలయాలు ఉన్నాయి. నీవు మా ఇంట్లోనే ఉండవచ్చు. నీ స్నేహితురాళ్ళలో ఒకరు బి.ఎస్సీ. అన్నావు. 1934లో సర్ సి.వి. రామన్ బెంగుళూరులో స్థాపించిన భారత విజ్ఞాన అకాడమీ, మరి రెండు జాతీయ అకాడమీలతో కలిసి, విద్యార్థులు వేసవిలో శాస్త్రవేత్తల దగ్గర రెండు నెలలు పరిశోధన నేర్చుకునే పథకాన్ని చాలా ఏళ్ళుగా నడుపుతూ వచ్చింది. ఇటువంటివాటికి వేసవి రావడానికి నాలుగైదు నెలల ముందే దరఖాస్తు పంపాలి. ఆ సంగతి ఆమెకు చెప్పు. నీవు జాతీయ సేవా పథకంలో ఉన్నావు గదా, వారంరోజుల ప్రత్యేక శిబిరం సెలవులలో పడితే దానికి కూడా చోటు చూసుకో. పథకం మొదలైన 1969, గాంధీజీ శతజయంతి సంవత్సరం. విద్యార్థులు సెలవులను గ్రామాలలో గడపాలని ఆయన పలుమార్లు చెప్పేవారు.

చివరగా, "నాయనతో మీరే చెప్పండి మామయ్యా, నాకు భయం" అని రాశావు. ఈ ఒక్క పని నేను చేయను. నేను చెబితే బావ నా మాట కాదనలేక ఒప్పుకుంటారు. అప్పుడు ఆ నిర్ణయం నాది అవుతుంది, నీది కాదు. నీవే వెళ్ళు. నీళ్ళు నమలకుండా మాట్లాడు. చేతిలో కాగితం ఉంచుకో. నలభై ఐదు రోజులలో ఏ రోజు ఏమి చేస్తావో రాసి చూపించు. "తోటకు రాను" అని మొదలుపెట్టవద్దు. "తోటకు ఈ రోజు నుంచి ఈ రోజు వరకు వస్తాను, పోయిన ఏటి చీటీలు ఉంటే చూపించండి" అని మొదలుపెట్టు. లెక్క తెలిసిన మనిషి లెక్కతో వచ్చిన కూతురిని కాదనరు. ఒకవేళ కాదన్నా, ఆయన చెప్పే కారణం ఏమిటో విను. నీకు తెలియని ఇబ్బంది ఏదైనా ఉండవచ్చు. అప్పుడు కాగితం మార్చి రాసుకో. ఒకసారి రాసిన ప్రణాళికను మార్చకూడదని ఎక్కడా లేదు. అసలు రాయకపోవడమే నష్టం.

ఏమంటావు? ఏ నిర్ణయం చేసుకున్నా నాకు రాయి. జేజికి నా నమస్కారాలు చెప్పు. నా నోటుపుస్తకంలోని ఆ మాటను వేరే కాగితం మీద రాసి దీనితో పంపుతున్నాను. జేజిని అడిగి చూడు. ఆమెకు తెలిసి ఉంటే, ముప్పై ఏళ్ళకు పైబడిన నా సందేహం తీరుతుంది.

ఇట్లు,
నీ మేనమామ.

పదాలు - అర్థాలు

గుత్త = ఇంత సొమ్మని ఒప్పుకొని పంటను లేదా తోటను తీసుకోవడం
తరుగు = తూకంలో తగ్గించే భాగం
మండీ = సరుకు టోకున అమ్మే చోటు
బాడుగ = అద్దె
రుసుము = కట్టవలసిన సొమ్ము, ఫీజు
కాలహరణం = కాలాన్ని వృథా చేయడం
ముత్తవ్వ = అవ్వకు లేదా తాతకు తల్లి
జేజి = నాయనమ్మ
మందగించు = తగ్గిపోవు

ప్రశ్నలు

అ) ఒకటి రెండు వాక్యాలలో జవాబులు రాయండి.

1. మూడేళ్ళ చదువులో వేసవులు రెండే ఉన్నాయని మేనమామ ఎందుకు అన్నాడు?
2. తోతాపురి కాయ ఏ నెలలలో కోతకు వస్తుంది? అది ఎక్కువగా ఎక్కడికి పోతుంది?
3. శిక్షణలో చేరేముందు వేసుకోవలసిన మూడు ప్రశ్నలు ఏవి?
4. నోటుపుస్తకంలోని ప్రశ్నార్థకం ఇంకా అలాగే ఉండటానికి కారణం ఏమిటి?
5. గిడుగు రామమూర్తిగారు సవరభాషను ఎలా నేర్చుకున్నారు?

ఆ) పది వాక్యాలలో జవాబులు రాయండి.

1. "నీవు లెక్కపెట్టేది మామిడికాయలను కాదు, మీ ఇంటి అప్పును." ఈ మాటను సందర్భంతో వివరించండి.
2. శారద తరపున ఆమె తండ్రితో మాట్లాడటానికి మేనమామ ఎందుకు ఒప్పుకోలేదు? ఆయన చేసినది సరైనదేనా? మీ అభిప్రాయం రాయండి.
3. ఆగే పనులు, ఆగని పనులు అని మేనమామ చేసిన విభజనతో మీరు ఏకీభవిస్తారా? స్నేహితురాళ్ళతో బెంగుళూరు వెళ్ళడమే మేలని వాదించవలసి వస్తే ఏ కారణాలు చెబుతారు?

భాషాంశాలు

అ) కింది పదాలను విడదీసి, సంధి పేరు తెలపండి.
ఉదా: నాలుగైదు = నాలుగు + ఐదు (ఉత్వసంధి)
1. ఏమంటావు 2. విద్యార్థి 3. భాషోద్యమం

ఆ) 'రెండు వేసవులు' అనే సమాసానికి విగ్రహవాక్యం 'రెండైన వేసవులు'. పూర్వపదం సంఖ్య కావడం వల్ల ఇది ద్విగు సమాసం. ఇటువంటివి మూడు రాయండి.

ఇ) కింది జాతీయాలను, సామెతలను సొంత వాక్యాలలో ప్రయోగించండి.
1. నీళ్ళు నమలడం 2. నలుగురితో నారాయణ 3. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం

కృత్యాలు

1. మీకు రానున్న సెలవులు ఎన్ని రోజులో లెక్కపెట్టండి. మీరు చేయాలనుకున్న పనులను ఆగేవి, ఆగనివి అని రెండు గడులలో రాయండి. ఆ పట్టికను ఇంట్లో పెద్దవారికి చూపించి, వారు చెప్పిన మార్పులను వేరే రంగు సిరాతో రాయండి.

2. సోలాపురంలో మగ్గం పని చేసే ఇళ్ళలో, బళ్ళారి, బరంపురం ప్రాంతాల పల్లెలలో, యానాంలో గోదావరి ఒడ్డున తెలుగు పలుకుబడి ఒక్కొక్కచోట ఒక్కొక్క విధంగా ఉంటుంది. మీ ఇంట్లోని పెద్దవారి నోట వినిపించి, మీ పుస్తకాలలో కనిపించని మాటలు పది సేకరించండి. ప్రతి మాటకు అర్థం, దానిని వాడే సందర్భం రాయండి.

3. శారద తన మేనమామకు జవాబు రాసినట్లుగా ఒక లేఖ రాయండి. తండ్రితో జరిగిన సంభాషణ అందులో తప్పక ఉండాలి.